ఊపని కప్పు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చాక, అక్కడ పనిచేసే మేం ఇండియాకి తిరిగిరావడానికి జోర్డాన్ వెళ్లే బస్సెక్కుతున్న రోజది. ఓబులేసు పెద్దాయనను కూడా తీసుకెళ్దామని జహ్రాలో ఆయన కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న కువైటీ యజమాని, ఇంటికి వెళ్లాను. పెద్దాయన మదనపల్లె మనిషి. ఆ ఇంట్లో వయసంతా డ్రైవరుగా చేసి, పని మానేశాక కూడా అక్కడే ఉండిపోయాడు.

కఫీలే స్వయంగా మా ఇద్దరికీ చిన్న కప్పుల్లో గావా కాఫీ పోశాడు. యజమాని నిలబడి పోస్తుంటే పాత డ్రైవరు కూర్చుని తాగడం నాకు వింతగా తోచింది. నేను ఖాళీ చేసినప్పుడల్లా కఫీల్ మళ్లీ నింపుతున్నాడు. వద్దంటే మర్యాద కాదేమోనని చేదు మింగుతూనే ఉన్నాను.

పెద్దాయన నవ్వాడు. "చాలనుకుంటే కప్పు ఇట్లా ఊపల్ల నాయనా. లేకుంటే పోస్తానే ఉంటాడు."

ఊపాను. కఫీల్ ఆగిపోయాడు. బయట బస్సు హారన్ మోగింది.

"లే పెద్దాయనా, పోదాం పా. ఇక్కడుంటే ఏమైతదో ఏమో."

"మా ఊరి చలికి నా మోకాళ్లు పట్టేస్తాయి. ఈడ ఎండుంది, సముద్రం గాలుంది. ముసలోనికి ఇంకేం కావల్ల?"

"వీధిల సైన్యం సుత ఉన్నది గదా!"

పెద్దాయన తన ఖాళీ కప్పును ఊపకుండా, తాపీగా కఫీల్ ముందుకు చాచాడు.