అక్కకు మాత్రమే చెప్పిన మాట

ఆ వీధిలో అందరూ ఆమెను చిన్న టైలరమ్మ అనేవారు. పెద్ద టైలరమ్మ ఆమె అక్క. అక్క బట్ట కత్తిరిస్తే చెల్లెలు కుట్టేది. తల్లి పోయాక తలదువ్వి జడ వేసిందీ, మిషను తొక్కడం నేర్పిందీ అక్కే. అక్క దగ్గర కడుపులో మాట దాచుకోవడం చిన్నామెకు ఏనాడూ అలవాటు లేదు.

గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయించుకున్నాక ఆమెను మళ్లీ ఆస్పత్రికి రమ్మన్నారు. కణాల్లో కొద్దిపాటి మార్పులున్నాయనీ, ఇది క్యాన్సర్ కాదనీ, చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయనీ, ఏడాదికి మళ్లీ చూస్తే చాలనీ నర్సు నెమ్మదిగా చెప్పింది. కారణం ఒక వైరస్సట. కాపురం చేసేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదేనట. ఎన్నేళ్ల కిందట వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరట.

సగం ధైర్యం, సగం బెంగతో ఆమె నేరుగా తమ టైలరింగు కొట్టుకి వచ్చి అక్కకు అంతా చెప్పేసింది. భర్తకి వీలుచూసి తనే చెప్పుకుంటానంది. అక్క కత్తెర పక్కనపెట్టి తల నిమిరింది.

ఆ సాయంత్రం భర్త కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"ఎవరు వాడు?" అన్నాడు.

ఆమెకు అర్థం కాలేదు.

"మీ అక్కే ఫోన్ చేసి ఆ వైరస్ సంగతి చెప్పింది. నిన్ను కాస్త కనిపెట్టి ఉండమంది."

మొదటి మాటకి ఒళ్లు మండింది. రెండో మాటకి వడ్డించే గరిటె గిన్నెలో వదిలేసింది.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని నర్సు దగ్గరికెళ్లింది. వైరస్ మీ నుంచే వచ్చి ఉండొచ్చు, పెళ్లికి ముందుదే కావచ్చు, దీన్నిబట్టి ఎవరి నడతనీ తేల్చలేమని నర్సు అనేసరికి అతను నేలచూపులు చూశాడు. ఇంటి గుమ్మం దగ్గర తొందరపడ్డానని గొణిగాడు. ఆమె ఊఁ అని లోపలికెళ్లిపోయింది.

తర్వాత కొట్టులో అక్కని నిలేసింది.

"నన్నే అడగొచ్చుగా అక్కా?"

"నీ కాపురం చెడకూడదనే చెప్పానే. రేపు మీ ఆయన బయటివాళ్ల నోట వింటే?"

"నీకు తప్ప ఎవరికి తెలుసని?"

అక్క సుద్దముక్కతో బట్టమీద గీతలు గీసుకుంటూ ఉండిపోయింది. తను తప్పు చేశానని ఆవిడకి తోచినట్టే లేదు.

ఏడాది తర్వాత చేసిన పరీక్షలో కణాల్లో ఆ మార్పులు పోయాయని తేలింది. చిన్నామె అక్కకు చెప్పలేదు. ఒకే బల్లకు అటూ ఇటూ పనిచేస్తూ కాలర్లు, చేతుల పొడవుల గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకరోజు అక్కే ఉండబట్టలేక ఆ పరీక్ష ఏమైందని అడిగింది.

"బాగానే ఉన్నాను," అంది చిన్నామె.

చెల్లెలు ఇంకేదైనా చెబుతుందేమోనని అక్క ఆగింది. చిన్నామె మిషను తొక్కడం మొదలుపెట్టింది.