గుడ్డ కప్పిన రికార్డు

బస్సు ఆగిపోయిన చోట నీడ కూడా లేదు. రోడ్డుకి అటూ ఇటూ దున్నిన పొలాలు, దూరంగా ఒక నీళ్ళ ట్యాంకు, మధ్యలో మేం ముప్ఫై మందిమి. డ్రైవరు బానెట్టు ఎత్తి లోపలికి చూస్తున్నాడు. ఆగిపోయిన బస్సుల పక్కన నా జీవితంలో చాలా భాగమే గడిచింది. బానెట్టు ఎత్తిన ప్రతి డ్రైవరు మొహంలోనూ ఒకే భావం చూశాను: తప్పిపోయిన మేక ఇందులో గానీ పడిందా అని బావిలోకి తొంగిచూసే కాపరి మొహం.

వెనక సీట్లోంచి డెబ్భైకి దగ్గరపడ్డ మనిషొకడు దిగాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, గోళ్ళ సందుల్లో ఎన్నడూ వదలని గ్రీజు. ఇంజను ఆపొద్దని చెప్పి, సంచిలోంచి కర్రపిడి స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొన ఇంజను మీద ఒక్కోచోటే ఆనిస్తూ, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. నాలుగో చోట ఆగాడు. నీళ్ళ పంపు బేరింగు అరిగిందనీ, ఓ అరగంట చల్లారనిచ్చి తర్వాత తొందరపెట్టకుండా నడిపితే ఊరు చేరుస్తుందనీ చెప్పాడు.

"కొండెక్కేటప్పుడు మాత్రం దాన్ని తిట్టకు" అన్నాడు.

"నాకు తిట్టే అలవాటెక్కడిది బాబాయ్, తిట్లు తినే అలవాటే" అన్నాడు డ్రైవరు.

ఆ అరగంట గడపడానికి నేను మైలురాయి మీద కూర్చుని ఫోన్లో జాజ్ పెట్టుకున్నాను. ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు కలిసి చేసిన కొత్త రికార్డింగు. జాజ్ వినేవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఒక ఊళ్ళో వాళ్ళు పదిమంది ఉంటే అందులో నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకే పాటని వెయ్యి రకాలుగా వాయించుకునే సంగీతం కనక, పోట్లాడుకోవడానికి వెయ్యి కారణాలు దొరుకుతాయి. చెప్పులు కుట్టేవాణ్ణి, ఓడ కళాసీని, ఒక కోర్టు గుమాస్తాని ఈ గొడవల్లో గొంతు చించుకోగా చూశాను. వాళ్ళందరిలో ఒకటే జబ్బు: తాము పాతికేళ్ళ వయసులో విన్నదే సంగీతం, తక్కినదంతా శబ్దం.

ఆ ముసలి మెకానిక్కు నా వెనకే నిలబడి పాట ఆఖరిదాకా విన్నాడు. పోయినేడాదిదా అని అడిగాడు. రెండేళ్ళయిందన్నాను. "అనుకున్నాను" అన్నాడు, చేప మొప్ప ఎత్తి చూసి కింద పెట్టేసిన వాడిలా.

ఇంక చెప్పేదేముంది, మొదలైంది. ఈ కాలపు రికార్డింగుల్లో డ్రమ్ముల వాడొక గదిలో, పియానో వాడొక గదిలో, ఒకడి మొహం ఒకడు చూడకుండా వాయిస్తారని ఆయన వాదన. తప్పు స్వరాన్ని బియ్యంలో రాయిలా ఏరి పారేస్తారు. కుర్చీ కిర్రుమనడం, ఎవడో దగ్గడం, బూర ఊదేవాడు ఊపిరి తీసుకోవడం అన్నీ కడిగేస్తారు. పూర్వం ఐదుగురూ ఒక్క మైకు చుట్టూ నిలబడేవారు. ఒకడు తప్పితే తక్కిన నలుగురూ ఆ తప్పుని భుజాన వేసుకుని మోసేవారు. అలా మొయ్యడమే సంగీతమన్నాడు. నేను ఒప్పుకోలేదు. మా తాత చెప్పుల్లేకుండా నడిచింది మట్టి మీద ప్రేమతో కాదు, చెప్పులు లేక అన్నాను. దానికి ఆయన నవ్వాడు. ఈ కుర్రవాళ్ళకి పాతవాళ్ళ కంటే ఎక్కువ తెలుసన్నాను.

"తెలుసు. అన్నీ తెలుసు. అదే గొడవ. తెలియని చోటికి పోరు" అన్నాడు.

నాకూ పట్టుదల పెరిగింది. ఇన్నేళ్ళలో ఈ కొత్తవాళ్ళల్లో ఒక్కరినైనా మెచ్చుకున్నారా అని అడిగాను. ఏదో ఎకసెక్కంగా జవాబొస్తుందనుకున్నాను. ఆయన స్క్రూడ్రైవరు తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"ఒక్కరిని. లోపల" అన్నాడు.

బస్సు మళ్ళీ బయల్దేరాక వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అడక్కుండానే చెప్పాడు. దారిలో కలిసినవాడికి చెప్పడం తేలిక, మళ్ళీ కనబడడు కదా. నేను అలాంటి మాటలు చాలా మోసుకు తిరిగాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. బాగా నడిచే లిఫ్టు చప్పుడు చెయ్యదు. చప్పుడు చేసేది లోపమొక్కటే. పొద్దున్నించి సాయంత్రందాకా ఆయన చెవి వెతికేది దాన్నే. జాజ్ కూడా ఆయనకి లిఫ్టు లోంచే వచ్చింది. పన్నెండంతస్తుల హోటల్లో, లిఫ్టు దిగే గోతి అడుగున పడుకుని పనిచేస్తుంటే, పై అంతస్తు హాల్లో బ్యాండు వాయిస్తున్నది ఆ గొట్టం గుండా కిందికి జారింది. పనైపోయినా రెండు గంటలు పైకి రాలేదు. ఇరుక్కుపోయాడని మేనేజరు మనుషుల్ని పిలిపించాడట.

తర్వాత ఊళ్ళో తనలాంటి వాళ్ళు దొరికారు. మందుల షాపాయన, రిటైరైన భూగోళం పంతులుగారు, ఒక పళ్ళ డాక్టరమ్మ, ఇంకా ముగ్గురు. లాండ్రీ పైన ఒక గది అద్దెకి తీసుకున్నారు. ఏడు కుర్చీలు, ఏ రెండూ ఒక జత కావు. కింద ఇస్త్రీ బల్లల వేడికి గచ్చు చలికాలంలో కూడా వెచ్చగా ఉండేది. వారం వారం ఆదివారం పొద్దున్నే చేరేవారు. వాళ్ళకి ఒకటే నియమం. రికార్డు తెచ్చినవాడు అట్టకి గుడ్డ చుట్టి తేవాలి. వాయిస్తున్నది ఎవరో చెప్పకూడదు, ఎవరూ అడక్కూడదు. పాటైపోయాక ఒక్కొక్కరే తమ మాట చెప్పాలి. అందరూ చెప్పాకే గుడ్డ విప్పాలి. పేరు చూసి మెచ్చుకునేవాడు చెవులున్న చెవిటివాడని వాళ్ళ సిద్ధాంతం. మన మెకానిక్కు చివర చెప్పేవాడు, ఎందుకంటే ఆయన తర్వాత మాట్లాడే ధైర్యం ఎవరికీ లేదు. ఊపిరి తీసే తీరుని బట్టి ఊదేవాణ్ణి గుర్తుపట్టేవాడు. జడ్జిగారని పిలిచేవారు.

ఒకసారి మందుల షాపాయన తన మేనల్లుడు పియానో వాయించిన రికార్డు తెచ్చి, ముందే గొంతు జీరపోయేలా పొగిడాడు. గుడ్డ విప్పాక అందరూ పడీపడీ నవ్వారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని అందరికంటే గట్టిగా అన్నది జడ్జిగారే. ఆ మాట ఆ గదిలో ఏడాది పాటు తిరిగింది. పాపం షాపాయన గొడుగు మర్చిపోయినా కాకి పిల్లే, టీలో చక్కెర ఎక్కువైనా కాకి పిల్లే.

జడ్జిగారికి నలభై దాటాక పుట్టింది కూతురు. ఏడేళ్ళప్పుడు కోరింత దగ్గొచ్చి మంచాన పడింది. అది తగ్గాక కూడా ఆ పిల్లకి ఊపిరి ఒక్క గుటకలో అందేది కాదు. రెండు గుటకలు: ఒకటి పొట్టిది, వెంటనే ఇంకోటి. పదకొండేళ్ళకి బడి బ్యాండులో ట్రంపెట్ పట్టింది. మాస్టారు ఆ రెండో గుటక మాన్పించాలని చూసి ఓడిపోయాడు. పిల్ల ఒక గదిలో సాధన చేస్తుంటే తండ్రి పక్కగదిలోంచి గోడ మీద కొట్టి చెప్పేవాడు, మూడోది జారింది, ఏడోది తొందరపడింది అని. తప్పులేని రోజు ఏమీ అనేవాడు కాదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోలని తాననుకున్నాడు. పిల్లకి అది ఎవరూ చెప్పలేదు.

ఇరవై నాలుగేళ్ళకి, నలుగురు స్నేహితులతో కలిసి ఆమె ఒక రికార్డు చేసింది. ఇంట్లో చెప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారం షాపాయన గుడ్డ చుట్టిన రికార్డు తెచ్చాడు. కొత్త రకం రికార్డింగే, ఊపిర్లన్నీ శుభ్రంగా కడిగేశారు. కానీ అదే వరసని రెండో చుట్టు అందుకునే ముందు ఒకచోట, ఎవరి అజాగ్రత్తో, వదిలేశారు. ఒక పొట్టి గుటక, వెంటనే ఇంకోటి.

"లేచి నిలబడాలనిపించిందండీ" అన్నాడు మెకానిక్కు. "కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. మా పిల్ల. అంత ఎత్తుకి పోయింది. నాకు తెలీకుండా ఎప్పుడు నేర్చుకుందో."

పంతులుగారు బావుందన్నారు. డాక్టరమ్మ చాలా బావుందంది. ఒక్కొక్కరూ చెబుతుంటే ఆయన బుర్ర ఒకటే లెక్క వేసింది. నిమిషంలో గుడ్డ విప్పుతారు. జడ్జిగారు ఊపిరి పోల్చని వాడు కాదని అందరికీ తెలుసు. బావుందంటే, కూతురని పోల్చే అన్నాడంటారు. షాపాయన ఏడాది పాటు పడ్డది తనకి చుట్టుకుంటుంది. అది తనొక్కడితో పోదు, ఇక ఆ పిల్ల ఎప్పుడు ఏం వాయించినా జడ్జిగారి కూతురు గనకే అంటారు. ఆయన వంతు వచ్చింది.

"పనితనం ఉంది, లోపల మనిషి లేదన్నాను. ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, తలుపు కొడితే తీసేవాళ్ళు లేరన్నాను."

ఆ పోలిక అందరికీ నచ్చింది. పంతులుగారు దాన్ని నోటుబుక్కులో రాసుకున్నారు కూడా. షాపాయన తలెత్తకుండా గుడ్డ విప్పాడట.

"ఎంత ఆశ్చర్యపడాలో అంతా పడ్డాను. అంత బాగా నటిస్తానని నాకే తెలీదు" అన్నాడు.

కూతురు కింద లాండ్రీలోనే ఉంది. ఇస్త్రీ బల్లల పక్కన, మెట్ల కింద నిలబడి మొత్తం వింది. ఆ సంగతి షాపాయన ఏడాది తర్వాత గాని చెప్పలేదు. అంతకుముందు ఆమే వచ్చి షాపాయన్ని బతిమాలిందట. మా నాన్న కూతురి పాట వినకూడదు బాబాయ్, జడ్జిగారు ఎవరిదో పాట వినాలి, ఆయన బావుందంటే ఇదే నా బతుకు, లేదంటే మానేస్తాను అని. ఆ ఆదివారం తర్వాత నెల తిరక్కుండానే ఆమె ట్రంపెట్ అమ్మేసి, కొండ మీద ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో ఉద్యోగానికి చేరిపోయింది. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, వాన గురించీ వాళ్ళమ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడుతుంది. ఆయన భార్య మాత్రం ఒక్కసారి ఒకే మాట అందట: లిఫ్టుకి చెవి ఆనించినట్టే పిల్లకీ ఆనించావు.

పాత అలంకారశాస్త్రాలు చదివే రోజుల్లో సహృదయుడు, అంటే కావ్యం ఎరిగి మెచ్చేవాడు, అన్న మాట దగ్గర చాలాకాలం ఆగిపోయాను నేను. వాడి లక్షణాలన్నీ రాశారు పెద్దలు. కావ్యం సొంత బిడ్డదైతే వాడేం చెయ్యాలో ఎవరూ రాయలేదు. లేదా నేను చదివిన ప్రతుల్లో ఆ ఆకు చెదలు తినేసి ఉండొచ్చు.

మెకానిక్కు ఇప్పటికి నాలుగుసార్లు ఈ బస్సెక్కాడట, ఆ రోజు గుర్తుపట్టానని కూతురికి చెప్పడానికి. నాలుగుసార్లూ ఆమె ఇంట్లో తలుపు బందులు బిగించి, ఫ్యానుకి నూనె పోసి తిరిగొచ్చాడు. ఈసారి చెప్పి తీరతానన్నాడు. ఇంటికెళ్ళాక చెబుదామనుకోవద్దు, బస్సు దిగగానే చెప్పండి, ఇళ్ళల్లో బాగుచెయ్యాల్సినవి మరీ ఎక్కువుంటాయి అన్నాను నేను. ముసలి తిరుగుబోతులు సలహాలివ్వడంలో ఎప్పుడూ వెనకాడరు. ఆయన తలూపాడు.

బస్సు కొండని ఎవరి చేతా తిట్లు తినకుండా ఎక్కింది. మధ్యాహ్నం మూడింటికి చేరాం. ఆయన కూతురు స్టాండులో నిలబడి ఉంది. దుకాణం పేరున్న కోటు తొడుక్కుని, పని మధ్యలో వచ్చినట్టుంది. ఆయన నన్ను చూపించి, దారిలో కలిశారు, జాజ్ వింటారు అన్నాడు. అలాగా అండీ అంది ఆమె, మర్యాదగా, ఇంకేమీ అడక్కుండా. సంచి అందుకోబోతే ఆయన వదల్లేదు.

"తల్లీ, ఆ రోజు ఆ రికార్డు నీదని నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను."

"ఇప్పుడదంతా ఎందుకు నాన్నా."

"చాలా బావుంది. వాళ్ళు నవ్వుతారని అలా అనేశాను."

"అమ్మ చెప్పమందా?"

"కాదు. రెండో చుట్టుకి ముందు నీ ఊపిరి ఒక్కచోట ఉండిపోయింది. రెండు గుటకలు. అది విన్నాను."

"ఆ రికార్డు నాలుగేళ్ళుగా ఇంట్లోనే ఉంది. ఎన్నిసార్లు విని ఉంటావు? ఎక్కడేముందో నీకు తెలీకుండా ఎలా ఉంటుంది?"

ఆమె గొంతులో కోపం లేదు. పాత కళ్ళజోడే చాలనే పెద్దవాళ్ళకి ఇక చాలదని ఇలాగే సర్దిచెబుతుంది కాబోలు. ఆ రోజు విన్నదానికీ తర్వాత విన్నదానికీ తేడా చూపించే సాక్ష్యం ఈ భూమ్మీద లేదు.

"నా కోసం అబద్ధం చెప్తున్నావు, నాకు తెలుసు" అంది ఆమె. "కానీ ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోకు నాన్నా. బావుందని అందరూ అన్నారు. నేనెవరో తెలీకుండా విని, ఉన్నదున్నట్టు చెప్పింది నువ్వొక్కడివే. అది నమ్మే బతుకు మార్చుకున్నాను. ఇప్పుడు అదీ అబద్ధమంటే నాకేం మిగుల్తుంది?"

స్టాండులో ఇంకో బస్సు హారన్ కొడుతూ మా మధ్యకి వచ్చింది. మేం ముగ్గురం పక్కకి జరిగాం. అది వెళ్ళిందాకా ఆయన కూతురి మొహమే చూస్తున్నాడు. చూపు తిప్పుకోలేదు.

"అవును తల్లీ" అన్నాడు. "ఆ రోజు చెప్పిందే నిజం. నాకు గుర్తు తెలీలేదు. ఇప్పుడిదంతా ముసలాడి చాదస్తం."

ఆమె ఊపిరి పీల్చుకుంది. తండ్రి మోచెయ్యి పట్టుకుంది. ఈసారి ఆయన సంచి ఇచ్చేశాడు. ఇద్దరూ టిక్కెట్ల కిటికీ ముందునుంచి, ఆగి ఉన్న బస్సుల వెనక నుంచి నడిచి రోడ్డు దాటారు. ఆయన నా వైపు తిరగలేదు.