ఖాజా తాత వీపు

సౌదీలోని అల్ ఖోబర్‌లో కడప డ్రైవర్లుండే గదిలో గొప్పలకు మొనగాడు చెంచయ్యే. ఇసుక తుపానును లారీతో ఓవర్‌టేక్ చేశానన్నా అందరూ నోళ్లు తెరుచుకుని వినేవారు. అలాంటివాడి కాళ్ల కిందికి నీళ్లు తెచ్చింది అదే గదిలో ఉండే ఖాజా ఫోను. డెబ్బై ఏళ్ల కిందట అమెరికా చమురు కంపెనీలు తమ ఘనత చాటుకోవడానికి తీయించిన సినిమా ఒకటి అందులో దొరికింది. ఆకాశమంత రిగ్గులు, నవ్వుతున్న దొరలు, వాళ్ల మధ్య గొట్టం మోస్తున్న ఒక కూలివాడి వీపు.

"మా తాత!" అన్నాడు ఖాజా. ఆయన అప్పట్లో ఇక్కడ పనిచేసిన మాట నిజమే.

ఇంకేముంది, బిర్యానీలో పెద్ద ముక్క ఖాజాకే. చెంచయ్య తుపాను కథ ఎత్తుకుంటే, "ఉండప్పా, ఆ వీపు చూడనీ" అనేవాళ్లు. చెంచయ్య కడుపు భగభగ మండింది. శుక్రవారం అన్నాల దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"మీ తాత సినిమాలో పడినాడు, సరే. కెమెరా పట్టుకునింది ఎవురనుకున్యావు? మా జేజినాయన!"

గదంతా గొల్లుమంది. ఖాజా మాత్రం నవ్వలేదు. "అట్లయితే మా తాత మొగం ఎందుకు తీయలేదప్పా?"

చెంచయ్య ఖాజా పళ్లెంలోని పెద్ద ముక్క వైపు చూశాడు. "కుళ్లు, ఖాజా. మా వంశంలోనే ఉండాది."

ఈసారి ఖాజాకూ నవ్వాగలేదు. ఫోను బోర్లించి, "ఆ తుపాను సంగతి చెప్పప్పా" అన్నాడు.