మా కారు ఇంజన్‌కి పూలు కట్టిన రోజు

మద్రాసు చూలై పేటలో మా ఇంటి ముందు ఆగి ఉండే నల్ల కారు మా నాయనది. బాడుగ కారు. తెల్లారకముందే కోడంబాక్కం స్టూడియోలకు నటులను చేర్చేది, ముహూర్తాల కాలంలో పెళ్లివాళ్లను పట్టుచీరల బేరాలకు టి. నగర్ తిప్పేది. అంతకుముందు చాలా ఏళ్లు ఆయన ఒకరింట్లో డ్రైవరు. ఆ రోజుల సంగతి ఎత్తితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. సొంత కారు వచ్చిన రోజున, ఇంక ఒకరి కింద బతికే ఖర్మ తీరిందని మా ముందే కళ్లు తుడుచుకున్నాడు. డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం ఆ కారు ఇంజన్ పోయింది.

ఒక పెళ్లి బాడుగలో రేడియేటర్ గొట్టం పగిలి నీళ్లు కారిపోతున్నాయని ఆయనకు తెలిసింది. వెనకాల పెళ్లివాళ్లు ముహూర్తం దాటిపోతోందని గోల పెట్టారు. ఆపకుండా తోలాడు. కల్యాణమండపం వాకిట్లోకి చేరుతూనే ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. మా వీధి చివరి షెడ్డుకు తాడు కట్టి లాక్కొచ్చారు.

షెడ్డు మేస్త్రీ ఇంజన్ విప్పి పరిచి, సావకాశంగా తాంబూలం నమిలాడు.

"బ్లాక్‌లో పగులుండాది అన్నా. అది అతికించి, సిలిండర్లు బోర్ చేసి, కొత్త పిస్టన్లు ఏసి నీ ఇంజన్నే లేపొచ్చు. లేదంటే పుదుప్పేట పాత బండ్ల బజార్లో ఒక ఇంజన్ ఉండాది, దాన్నే ఎక్కించేయొచ్చు."

"నీదైతే ఏది చేస్తావు?" అన్నాడు నాయన.

"రెండూ మంచిదే దా," అన్నాడు అరవ యాసలో.

ఎటు తిప్పి అడిగినా అదే మాట. అతని గొంతు పట్టుకుని ఊపాలనిపించింది నాకు. అప్పుడు కాలేజీలో చదువుతున్నాను, నోటి దురుసు ఎక్కువ. నాయన చూపుతోనే ఆపాడు.

పుదుప్పేటకు నేనూ వెంట పోయాను. ఆ ఇంజన్ ఇంకా కారులోనే ఉంది. లారీ వెనకనుంచి గుద్దిన కారు. ముందు భాగం మీద గీత కూడా లేదు. వెనక భాగం మాత్రం లేదు, కోసి తీసేశారు. అమ్మేవాడు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. సగం కారు, నేల మీద కదలకుండా నిలబడి, ఎంతో మెత్తగా మోగింది. అంత మంచి శబ్దం మా కారు కొత్తలో కూడా చేయలేదు. నాయన కళ్లు మూసుకుని విన్నాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

"డ్రైవర్‌కి ఏం కాలేదు సార్," అన్నాడు అమ్మేవాడు, మేం అడగకుండానే. "వెనక కూర్చున్నోళ్లే పోయినారు."

ఆ ముక్క ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. నాయనకు దాచడం చేతకాదు.

"సచ్చినోళ్ల బండి ఇంజన్ నా గడప ముందరికి రాకూడదు," అంది అమ్మ.

"ఇనుముకు ఏం తెలుసే?"

"ఇనుముకు తెలవకపోతే పోనీండి. నాకు తెలుసు గదా."

ఆయన గట్టిగా వాదించి ఉంటే అమ్మ తగ్గేదేమో. వాదించలేదు. మర్నాడు ఇద్దరూ గుడికి పోయి పూలు కట్టి చూద్దామన్నారు. మా వాళ్లలో ఎటూ తేలని విషయానికి అదే కోర్టు. ఒక ఆకులో తెల్ల పువ్వు, ఒక ఆకులో ఎర్ర పువ్వు చుట్టి దేవుడి పాదాల దగ్గర పెడతారు, పూజారి కళ్లు మూసుకుని ఒకటి తీస్తాడు. తెల్లది వస్తే మా ఇంజనే, ఎర్రది వస్తే పుదుప్పేటది. బోరూ పిస్టనూ దేవుడికేం తెలుసని నేను సణిగాను. తెల్ల పువ్వు వచ్చింది. అమ్మ అక్కడే సాష్టాంగపడి, కారు లేచిందంటే మొదటి సవారీ తిరుమల కొండకేనని మొక్కేసింది.

మేస్త్రీ చెప్పినట్టే ఇంజన్‌ను లేపాడు. తాళం చెవి ఇస్తూ, "కొత్త బోరు అన్నా. కొన్నాళ్లు మెల్లగా తోలాల. బరువు ఎయ్యొద్దు, ఎత్తు ఎక్కించొద్దు," అన్నాడు.

కొండ మొక్కు సంగతి చెబితే తల గోక్కున్నాడు. "స్వామి పని గదా, నేనేం చెప్పేది?" అన్నాడు. మొక్కు తీరకుండా బాడుగకు పంపడానికి అమ్మ ఒప్పుకోదు. బాడుగ లేకుండా ఎన్నాళ్లు కూర్చోగలం? కొన్నాళ్లు ఆగి పోదామని నేనంటే, దేవుడి దగ్గరికి పోయే బండికి దేవుడే అడ్డం పడతాడా అని ఇద్దరూ నా మీద లేచారు.

బయలుదేరాం. తిరుత్తణి దగ్గర ఆగి నాయన రేడియేటర్ మూత తీసి చూశాడు, నీళ్లు పోశాడు. నగరి దగ్గర మళ్లీ పోశాడు. పుత్తూరులోనూ పోశాడు. కింద చూస్తే రోడ్డు మీద ఒక్క చుక్క లేదు. ఆ నీళ్లు అతికించిన పగుల్లోంచి ఇంజన్ లోపలికే పోతున్నాయని ఆయనకు అర్థమైందని, ఆయన కారు వేగం బాగా తగ్గించేశాక నాకు అర్థమైంది. అమ్మ గోవిందనామాలు చదువుతూ ఉంది.

అలిపిరి దగ్గర కారు ఆపి, "మీరిద్దరూ బస్సులో రాండి. నేను ఒంటిగా తెస్తా," అన్నాడు.

"ఎందుకండీ?"

"బరువు తగ్గుతాది."

"తెల్ల పువ్వే గదా వచ్చింది?"

"వచ్చిందిలే. దిగు."

అమ్మ దిగింది. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. మమ్మల్ని కూర్చోబెట్టడానికి భయపడిన బండిలో తాను ఎందుకు కూర్చోవాలి?

బస్సు కొండ ఎక్కుతుంటే ప్రతి మలుపులో అమ్మ లోయలోకే చూసింది. సగం దారిలో కారు కనబడింది. రోడ్డు వారగా ఉంది, చక్రాల కింద రాళ్లు పెట్టి ఉన్నాయి, బానెట్ ఎత్తి ఉంది, తెల్లటి ఆవిరి లేస్తోంది. నాయన పక్కనే నిలబడి, పొండి పొండి అని బస్సుకు చెయ్యి ఊపాడు. ఆపమని అమ్మ అరిచింది. ఆ ఎత్తు మీద డ్రైవర్ ఆపలేదు.

"మనిషి నిలబడే ఉండాడు గదా? చూసినావు గదా?" అని దర్శనమయ్యేదాకా నన్ను అడుగుతూనే ఉంది.

బ్లాక్ ఈసారి అతికించడానికి పనికిరాకుండా చీలింది. పుదుప్పేట ఇంజన్ అప్పటికే ఎవరో కొనుక్కుపోయారు. కారును పాత ఇనుము కింద ఇచ్చేశాం. "నేనే చెడగొట్టినా" అని అమ్మ తల బాదుకుంటే నాయన అన్నాడు: "నువ్వు కాదే. ఆ పుదుప్పేట ఇంజన్ మోగతా ఉంటే నాకూ భయమేసింది. చెప్పుకోలేక పూల మీద తోసేసినా."

ఆ నెలలోనే ఒక సేటు దగ్గర డ్రైవరుగా చేరాడు. ఒక మధ్యాహ్నం ఆ కారు మా వాకిట్లో ఆగింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదని చెప్పి, సేటు ఊ అన్నాక లోపలికొచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడో లేదో, బయట కూర్చున్న సేటు చెయ్యి చాచి హారన్ నొక్కాడు. నాయన నోట్లో ముద్ద ఉండగానే లేచి, చెయ్యి పంచెకు తుడుచుకుంటూ పరుగెత్తాడు.