మా బొద్దింకల బాబాయి

పోయిన మంగళవారం పొద్దున్న తొలి వాయి ఇడ్లీ దించుతుంటే, పక్క జెరాక్స్ కొట్టు బెంగాలీ దాదా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "దీదీ, చాచాజీ నహీ రహే" అన్నాడు. చాచాజీ ఇక లేరట. మా ప్రేమ్ బజార్ కొట్లవాళ్లందరికీ చాచాజీ అంటే ఒక్కరే. నాకు ఆయన బాబాయి. పొద్దున్నే లేచి టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. మళ్లీ లేవలేదు. పోతూ పోతూ కూడా గ్లాసు కడిగే పోయారు చూశారా అనుకుంటే, ఏడుపు మధ్యలోనే నవ్వొచ్చింది నాకు.

మాకు రక్తసంబంధం లేదు, ఈ హిందీ, బెంగాలీ ఊళ్లో ఇరుగుపొరుగు తెలుగువాళ్లం, అంతే. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కొడుక్కి వచ్చిన రైల్వే క్వార్టర్‌లో ఆయన ఉండేవారు, ఆ పక్క సందులోనే మా ఇల్లు. మా మావగారిని "అన్నా" అని పిలిచేవారు కాబట్టి మా ఆయనకూ నాకూ బాబాయి అయ్యారు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక, తోటివాళ్లు పేకాటకు కూర్చుంటే ఈయన మాత్రం హోటళ్లలో, కొట్లలో, పెద్ద పెద్ద బిల్డింగుల్లో బొద్దింకలకు మందు పెట్టే పని నేర్చుకున్నారు. ఈ వయసులో ఇదేం ఖర్మని ఇంట్లోవాళ్లు తల పట్టుకున్నారు. నేనూ ఒకసారి అడిగాను. "బోగీకీ బిల్డింగుకీ తేడా ఏటీ నేదమ్మా. సందు ఎక్కడున్నాదో సూడ్డవే పని" అన్నారు.

ఆయన సంచీలో నాలుగైదు వస్తువులే ఉండేవి. ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టిన టార్చి, చేతి అద్దం, సుద్దముక్క, జిగురు పూసిన అట్టలు, సూదిలేని సిరంజిలాంటి గొట్టంలో మందు. వీటితో పాటు ఫిట్టరు రోజుల్నాటి ఫీలర్ గేజ్ ఒకటి, చాకులా విప్పుకునే పల్చని ఉక్కు రేకుల కట్ట. ఒకప్పుడు యంత్రాల సందులు కొలిచిన ఆ రేకుల్నే అలమార వెనకా, సింకు కిందా దూర్చి చూసేవారు. ఫలానా రేకు దూరితే పిల్ల బొద్దింక దూరుతుందని, ఇంకాస్త మందం రేకు దూరితే తల్లి కూడా దూరుతుందని చెప్పేవారు. పనికి వెళ్లే రోజు అగరొత్తి ముట్టేవారు కాదు, సెంటు రాసేవారు కాదు. చేతికి వాసనుంటే అవి మందు ముట్టవు అనేవారు. అన్నిటికంటే చిత్రం, పని నడుస్తున్న చోట పచ్చి మంచినీళ్లు కూడా తాగేవారు కాదు. బొద్దింకలు పోయాయని తనకు నమ్మకం కుదిరిన రోజు మాత్రం అడిగి మరీ ఒక టీ తాగేవారు. ఆయన టీ తాగాడంటే ఆ కొట్టు పాసయినట్టే అని బజార్లో చెప్పుకునేవారు.

నాలుగేళ్ల కిందట ఆ పరీక్ష నాకూ వచ్చింది. మా కొట్టున్నది మూడంతస్తుల అద్దె బిల్డింగు. కింద మా టిఫిన్ మెస్సు, జెరాక్స్ కొట్టు, మిఠాయి కొట్టు, పైన చదువుకునే పిల్లలకు అద్దెకిచ్చిన గదులు. ఒక మధ్యాహ్నం అన్నం తింటున్న కుర్రాడొకడు, తన కంచం పక్కనుంచి తాపీగా నడిచిపోతున్న బొద్దింకను ఫోన్లో తీసి అందరికీ పంపాడు. సాయంత్రానికి సగం బల్లలు ఖాళీ. మర్నాడు బిల్డింగు మాలిక్, అంటే యజమాని, వచ్చి, పైన గదుల్లోకి కూడా ఇవి పాకుతున్నాయని, అంతా మీ మెస్సు వల్లే అని తేల్చేశాడు. నెల రోజుల్లో అవన్నా పోవాలి, మీరన్నా పోవాలి అన్నాడు. మా మావగారు తన చేతుల్తో పెట్టిన మెస్సు అది. దాన్ని నా చేతుల మీదుగా మూయడానికి నాకు మనసొప్పలేదు.

కబురు పెడితే బాబాయి వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి, భోజనాలయ్యాక, షట్టరు దించమన్నారు. ట్యూబులైట్లన్నీ ఆర్పి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను పీట మీద పావుగంట కూర్చున్నారు. తర్వాత ఎర్ర టార్చి వేశారు. "ఎర్ర దీపం ఆటికి సీకటే. మనం ఆటిని సూస్తాం, అవి మనల్ని సూడవు" అన్నారు గుసగుసగా. గ్యాసు బండ కింద, ఫ్రిజ్ మోటారు పక్కన, కోడిగుడ్లు వచ్చిన అట్టల మధ్య నేను చూసింది ఇప్పుడు రాయను, మీరు టిఫిన్ తిని ఉంటారు. ఒకదాన్ని సీసాలో పట్టి వెలుతురులో చూపించారు.

"ఇదిగో, సిన్నది, గోధుమ రంగు. మెడ మీద రెండు నల్ల గీతలు. మురుగ్గొట్టంలోంచి వచ్చే పెద్ద ఎర్రది కాదిది. ఇది వంటింటి మనిషి. ఎచ్చగా ఉండాల, తడుండాల, తిండుండాల. దీన్ని ఎవరో అట్టపెట్టెలో మోసుకొచ్చి దించుతారు."

"మిఠాయి కొట్టు నుంచే వచ్చుంటాయి కదా బాబాయ్?" అన్నాను ఆశగా.

"మనం సెప్పుకోడం కాదు, అట్ట సెప్తాది" అన్నారు.

బిల్డింగంతా జిగురు అట్టలు పెట్టారు. మెస్సులో, పక్క కొట్లలో, మెట్ల కింద, పై గదుల్లో. ఒక్కోదాని మీదా వ్యాగన్ నంబర్లు వేసినట్టు సుద్దతో అంకె వేశారు. మూడో రోజు అన్నీ తీసి మా బల్ల మీద పరిచారు. మిఠాయి కొట్టు అట్ట మీద ఒకటో రెండో. జెరాక్స్ కొట్టులో ఏమీ లేవు. నా మెస్సులో పెట్టినవి నల్లగా నిండిపోయి ఉన్నాయి. అందులోనూ నాలుగో నంబరు చూడలేకపోయాను.

"నీ కొట్టేనమ్మా" అన్నారు.

"మాలిక్‌కి ఆ మాట చెప్పేస్తారా బాబాయ్?"

"సెప్పాలి. ఇక్కడున్నాయని సెప్తాను, తీసేస్తానని కూడా సెప్తాను. అబద్ధం సెప్పి మందు ఎక్కడ పెట్టమంటావు?"

అన్నట్టుగానే చెప్పారు. నాకు కడుపు మండిపోయింది. సొంత మనిషై ఉండి నన్నే పట్టిస్తారా అని రెండు రోజులు ఆయన ముఖం చూడలేదు. ఆయన మాత్రం ఏమీ పట్టనట్టు వచ్చి, సందు సందుకీ ఆవగింజంత మందు చుక్కలు పెట్టి వెళ్లారు. తిన్నది గూటికి పోయి చస్తుందని, దాని వల్ల మిగతావీ చస్తాయని, ఓపిక పట్టమని మా ఆయనతో చెప్పారు. కానీ ఓపిక పట్టే ఘటాన్నా నేను! ఒక డబ్బా స్ప్రే కొనుక్కొచ్చి మూలమూలలా కొట్టేశాను. కళ్ల ముందు పది చచ్చాయి. గెలిచాననుకున్నాను.

మర్నాడు బాబాయి గుమ్మంలో అడుగు పెడుతూనే ముక్కు ఎగబీల్చారు. నేను గిన్నెల వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. సంచీ కింద పెట్టి, బకెట్‌తో సబ్బునీళ్లు అడిగి తీసుకుని, నేను స్ప్రే కొట్టిన చోటల్లా గుడ్డ పెట్టి తుడవడం మొదలుపెట్టారు. వండిన అన్నంలో కిరసనాయిలు పోస్తే ఎవరు తింటారమ్మా అని ఒక్క మాట అన్నారంతే. ఆ అరిగిన మోకాళ్లతో ఆయన నేల మీద పాకుతుంటే నా కోపం ఎటు పోయిందో తెలీదు. నేనూ ఒక గుడ్డ తీసుకుని పక్కన కూర్చున్నాను. మాలిక్ ఇచ్చిన గడువులో వారం రోజులు నా వల్ల గంగలో కలిసిపోయాయి.

మళ్లీ మందు పెట్టారు. ఈసారి చెప్పినట్టు విన్నాను. అట్టపెట్టెల్లో వచ్చిన సరుకు గుమ్మం బయటే విప్పి డబ్బాల్లో పోయించాను. కొట్టు మూసే ముందు సింకు పొడిబట్టతో తుడిచాను. అలమార వెనక సందులు ఆయనే సిమెంటుతో పూడ్చారు. అన్ని అట్టలూ మెల్లగా ఖాళీ అయ్యాయి, ఒక్క నాలుగో నంబరు తప్ప. అది మాత్రం ఎప్పటిలాగే నిండుతోంది. గడువు ఇంకా ఆరు రోజులుంది.

నాలుగో అట్ట ఉన్నది మా మావగారి ఫొటో కింద. ఆయన పోయిన దగ్గర్నుంచి పెద్ద ఫొటో కట్టించి గోడకు బిగించాం. దాని కింద చిన్న బల్ల, పైన రాత్రీ పగలూ వెలిగే ఎర్ర బల్బు. రోజూ తొలి వాయిలో ఒక ఇడ్లీ, బెల్లం ముక్క ఆ బల్ల మీద పెట్టాకే గిరాకీకి వడ్డిస్తాం. దండ మార్చడమే గానీ ఫొటో దించింది లేదు. పెద్దాయన్ని గోడ మీంచి దించడం అశుభం అని నా భయం. మొదటి రోజే బాబాయి అటు చెయ్యి చాపితే, అది ముట్టుకోవద్దన్నాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు, మళ్లీ అడగలేదు.

ఆ రోజు నేనే అన్నాను, దించండి బాబాయ్ అని. ఆయన ముందు చేతులు కడుక్కున్నారు. ఫొటో ముందు నిలబడి దండం పెట్టారు.

"అన్నా, కోప్పడకు. నీ ఎనకాల పెద్ద సంసారవే కాపురం పెట్టినాది. ఓ పాలి పక్కకి జరుగు, బేగి పని సేసుకుని ఒగ్గేస్తాను" అన్నారు.

దించారు. ఫొటో వెనక అట్ట, పైన బల్బు వెచ్చదనం, కింద రోజూ బెల్లం. గోడంతా కదిలింది. మా ఆయన ఒక్క గెంతులో బయట పడ్డాడు. నేను మాత్రం అక్కడే నిలబడి ఏడ్చాను. ఇన్నాళ్లూ మావగారికి పెడుతున్నాననుకుంటూ నేను మేపింది వీటినా అని సిగ్గుతో చచ్చిపోయాను. బాబాయి పని కానిచ్చి, గోడ తుడిచి, నా దగ్గరికి వచ్చారు.

"ఏటే పిల్లా, ఏడుస్తన్నావు? భక్తి తప్పు కాదు. పెట్టింది తియ్యకపోడం తప్పు. మీ మావ బతికున్నప్పుడు ఎంగిలి కంచం అలా ఒగ్గేసేవాడేటి?"

ఒగ్గేసేవారు కాదు. తిన్న కంచం తనే కడుక్కునే మనిషి మా మావగారు. ఆ మాట గుర్తొచ్చి నా ఏడుపు ఆగింది. బాబాయి ఫొటో వెనక అట్ట తీసేసి, గాజుకీ రేకుకీ మధ్య ఫొటో బిగించి, నాలుగు మూలలా సీసా బిరడాలు అతికించి గోడకు వేలెడు దూరంగా తగిలించారు. గడువు ముందురోజు మాలిక్ వచ్చేసరికి నాలుగో నంబరు అట్ట తెల్లగా ఉంది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఠీక్ హై అని వెళ్లిపోయాడు. అప్పుడు బాబాయి బల్ల ముందు కూర్చుని, "ఏదీ, ఓ టీ పొయ్యి" అన్నారు. గ్లాసు నేనే తెచ్చిచ్చాను. తాగి, నేను వద్దంటున్నా తనే కడిగి బోర్లించారు.

తర్వాత కూడా అప్పుడప్పుడూ వచ్చేవారు. ముందు ఫొటో వెనక టార్చి వేసి చూడడం, ఆ తర్వాతే టీ. పోయిన చలికాలంలో ఒకరోజు చూడడం అయ్యాక, ఏదో పెళ్లి కబురు చెప్పినట్టు తాపీగా అన్నారు.

"రేపు నా ఫొటో కూడా ఇక్కడ పెడతావేమో. ఎనక అట్ట పెట్టకు. గోడకంటించకు. దండం పెట్టకపోయినా పరవానేదు గాని, వారానికోపాలి ఎనక సూడు."

అప్పుడు నవ్వి, మీరు అప్పుడే ఎక్కడికి పోతారు బాబాయ్ అన్నాను. నా మెస్సు నిలబడింది ఆయన వల్ల. అంతకంటే, నా తప్పు నాకు చూపిస్తూ కూడా నన్ను చిన్నబుచ్చని మనిషి ఆయన. అలాంటివాళ్లు నాకు ఎక్కువమంది తారసపడలేదు. ఈ మాట ఆయన ఉండగా ఒక్కసారి చెప్పలేదు.

నిన్న వాళ్లబ్బాయి వచ్చి ఫొటో, ఆ ఎర్ర టార్చి ఇచ్చి వెళ్లాడు. మావగారి పక్కనే, బిరడాలు అతికించి, వేలెడు దూరంగా తగిలించాను. మూడింటికి షట్టరు దించి, దీపాలు ఆర్పి, ఆ పీట మీదే పావుగంట కూర్చున్నాను. తర్వాత లేచి రెండు ఫొటోల వెనకా టార్చి వేసి చూశాను. ఎర్ర వెలుతురులో సున్నం గోడ, ఒక మేకు, అంతే. అప్పుడు టీ కాచి ఆయన ముందు పెట్టాను. ఆవిరి ఆగిపోయేదాకా ఉంచి, తీసి, గ్లాసు కడిగి బోర్లించాను.