కలరా ఉండల వాసన

మా ఆవిడ పోయాక నాకు ముందు భయం వేసింది. ఏడుపు ఆ తర్వాతెప్పుడో వచ్చింది. ముప్పై రెండేళ్లు కాపురం చేసిన మనిషంటే భయమేంటని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పెన్షను కాగితాల కోసం బీరువా తలుపు తీసినప్పుడల్లా కలరా ఉండల వాసనా, దాని వెనకే ఆవిడ వాసనా కలిసి ముఖం మీదకి వచ్చేవి. "ఉండండి, అన్నీ కెలికేస్తారు, నేను తీస్తాను" అంటూ వెనక నిలబడి ఉందేమోనని వీపు జలదరించేది. అదీ పట్టపగలు. లెక్కల మేష్టారుగా సామర్లకోటలో రెండు తరాల పిల్లల్ని గడగడలాడించిన వాణ్ణి, ఇనప బీరువా ముందు చెమటలు పట్టి నిలబడేవాణ్ణి.

ఆవిడ పోయిన ఆరో నెలలో ఒక పొద్దున్న తలుపు తీసి, తీసినంత విసురుగా వేసేశాను. అప్పుడే వీధిలో పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ కేక వినపడింది. పిలిచాను. చీరలన్నీ చేతులతో ఎత్తి అరుగు మీద పడేశాను. ఏది పట్టో ఏది నూలో చూడలేదు. ఆవిడే జాలిపడి, "అమ్మగారివా అండీ? ఒకటైనా ఉంచుకోండి" అంది. "నీ బేరమేదో నువ్వు చూసుకో" అని కసిరాను. ఒక పెద్ద స్టీలు బేసిను ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ రోజు హాయిగా అన్నం తిన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

రెండు నెలలు తిరక్కుండా భీమవరం నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఏడో నెల, పురిటికి మన ఇంటికే వస్తానంది. సంతోషించాను. తర్వాత, "నాన్నా, అమ్మ నూలు చీరలు ఓ నాలుగు ఉతికించి ఉంచండి, పొత్తిగుడ్డలకి" అంది.

పుట్టిన బిడ్డకి మా ఇళ్లల్లో కొత్త గుడ్డ కట్టరు. అమ్మమ్మ పాత చీర చింపి, ఆ మెత్తటి గుడ్డలోనే ముందు చుడతారు. నాకు తెలియని సంగతేం కాదు. మా అమ్మాయిని చుట్టింది కూడా మా అత్తగారి చీరలోనే.

"పోయిన మనిషి చీరలు పసిబిడ్డకి వద్దంటారేమోనమ్మా" అన్నాను, తప్పించుకోవడానికి.

"ఎవరంటారు? మా అమ్మవి" అంది.

"సరే, ఉన్నాయిలే, ఉతికిస్తాను" అన్నాను. లెక్క తప్పు చేసిన పిల్లాణ్ణి క్షమించాను గానీ అబద్ధమాడిన వాణ్ణి ఎప్పుడూ వదల్లేదు నేను. అలాంటిది కన్నకూతురితో నోరు తడబడకుండా అబద్ధం చెప్పాను.

బేసిను ఇచ్చిన ఆవిడ కోసం వారం రోజులు వీధులన్నీ తిరిగాను. దొరికింది. పట్టువి ఎప్పుడో పోయాయంది. "మిగతావి తోటలోళ్లు పట్టుకుపోయారండి, కాకినాడ రోడ్డు వైపు. పందులు రాకుండా చుట్టూ కట్టుకుంటారు కదండీ" అంది.

అమ్మాయి వచ్చేసింది. చీరలడిగితే చాకలి ఇంటి దగ్గరున్నాయన్నాను. రోజూ మధ్యాహ్నం మందులకనో కూరలకనో చెప్పి, బండి వేసుకుని కాలవ వెంబడి వెళ్లేవాణ్ణి. తోటల చుట్టూ ఎందరో ఆడవాళ్ల చీరలు గాలికి ఊగుతుండేవి. ఎవరెవరివో, వాళ్లంతా ఎక్కడున్నారో! బండి ఆపి, రంగులు చూసుకుంటూ, పొలం గట్ల మీద పిచ్చివాడిలా నడిచేవాణ్ణి.

నాలుగో రోజు ఒక బెండతోట దగ్గర కనపడింది. కనకాంబరం రంగు నేత చీర. నేనే కొన్నాను. మా ఆవిడ విప్పి చూడగానే, "ఈ రంగు కట్టుకుని బయటికెళితే గేదెలు బెదిరిపోతాయండీ" అని పడీపడీ నవ్వింది. ఇంట్లో మాత్రం ఎన్నో ఏళ్లు కట్టింది. కొంగు దగ్గర నేను ఇస్త్రీ పెట్టె మరిచిపోయి కాల్చిన మచ్చ అలాగే ఉంది.

తోటలో ఉన్న ఆవిడ నన్ను చూసి దగ్గరికొచ్చింది. "ఏంటండీ, ఆ చీర చూస్తన్నారు? ఆ పక్కనుంచి ఒక్క పంది కూడా రావట్లేదండి" అంది. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేశాను. సంగతి చెబితే, "అయ్యో, విప్పుకెళ్లండి బాబూ, నేను ఇంకోటి కట్టుకుంటాను" అంది.

ముడి విప్పుతుంటే చీర చేతుల్లోనే చిరిగిపోయింది. ఎండకీ వానకీ చివికిపోయింది. మెల్లగా లాగినా అంతే. చివరికి కాలిన మచ్చ ఉన్న ముక్క ఒక్కటే చేతికొచ్చింది, అరచెయ్యంత.

ఇంటికెళ్లి దాన్ని అమ్మాయి ముందు పెట్టాను. "అన్నీ ఇచ్చేశాను. నీతో అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఎందుకిచ్చేశారు?"

"భయమేసింది. బీరువా తీస్తే మీ అమ్మ వెనకే ఉన్నట్టుండేది."

అరుస్తుందనుకున్నాను. దానికి నా కోపమే వచ్చింది మరి. ఆ ముక్కని వేళ్లతో నిమిరింది.

"నాకు కల్లో కూడా రాలేదు నాన్నా, ఒక్కసారి కూడా. ఇక్కడికొచ్చి ఆ బీరువా తీస్తే ఉంటుందనుకున్నాను" అంది.

నేను తరిమేసింది ఎవర్నో, ఎవరికి దక్కకుండా తరిమేశానో అప్పుడు తెలిసింది.

మనవరాలు పుట్టింది. నా పాత పంచెలు నాలుగు చింపి అందులో చుట్టాం. ఆ గుడ్డలు నానబెట్టేది ఆ స్టీలు బేసిన్లోనే. దాన్ని చూసినప్పుడల్లా తల తిప్పుకునేవాణ్ణి.

పురిటి స్నానం అయిన మర్నాడు గదిలోకి వెళ్లేసరికి బీరువా బార్లా తెరిచి ఉంది. ఖాళీ అరల ముందు స్టూలు వేసుకుని, అమ్మాయి పిల్లకి పాలిస్తోంది. కలరా ఉండల వాసన తప్ప ఏమీ లేదు. అలవాటుగా తలుపు మీద చెయ్యి వేశాను.

"వేయకండి నాన్నా" అంది.

వేయలేదు. మూడో నెల వచ్చాక వాళ్లు భీమవరం వెళ్లిపోయారు. తలుపు ఇప్పటికీ అలాగే ఉంది. మధ్యాహ్నాలు నేనే ఆ స్టూలు మీద, వీపు గుమ్మం వైపు పెట్టి కూర్చుంటున్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వీపు జలదరిస్తే బాగుండునని.