అద్దరి కోసం ఎక్కిన కొండ

పొద్దున తొమ్మిదికి ప్రొద్దుటూరులో బస్సెక్కి, మైదుకూరు, చెన్నూరు మీదుగా కడప చేరి విశాఖ రైలు పట్టుకున్నాం. నేను, మా పక్కింటి మస్తాన్ మామ, ఆయన భార్య ఖైరూనత్త. మామ ఇరవై ఏండ్లు కువైట్‌లో డ్రైవరుగా చేసి ఈమధ్యే వచ్చేశాడు. అన్నేండ్లూ ఫోన్లో "గది బయటికొస్తే సముద్రమే" అనేవాడట. ఆ సముద్రం చూడాలని అత్త పట్టు, చూపిస్తానని మామ మాట. విశాఖలో ఒక పెండ్లికి వెళ్లొచ్చిన పాపానికి దారి చూపేవాణ్ణి నేనయ్యాను.

పొద్దు గుంకాక అత్త, "పడమర యా పక్కప్పా?" అనడిగింది. చూపించాను. సీటు మీదే అటు తిరిగి నమాజు చదువుకుని, చిత్రాన్నం పొట్లాలు విప్పింది.

తెల్లారి విశాఖలో దిగేసరికి వాన వెలిసింది. భీమిలి దాటాక బస్సు దిగాం. ఒడ్డున నిలబడి చూస్తే అత్తకు చాల్లేదు.

"ఎత్తుకు పోతే ఆ పక్కుండే అద్దరి కనపడుతుందేమో" అంది.

పక్కనే చిన్న కొండ ఉంది. గండికోట చూసినవాళ్లు దాన్ని మిట్ట అంటారు. మా జిల్లావాళ్లం ఎక్కేటప్పుడు గడ్డిని నమ్మం, ముండ్లుంటాయి. నల్లగా, బోడిగా ఉన్నది బండ గనక అక్కడే కాలు పెడతాం. మామ అట్లే పెట్టాడు. మోకాటి దాకా దిగిపోయింది.

"ఇదేందప్పా, కొండకు బురదేంది!"

పైన మేకలు కాస్తున్న ఆవిడ, "అది ఊబి బాబూ! గడ్డి మీంచి రండి" అని కేకేసింది.

కాలు వచ్చింది, చెప్పు రాలేదు. వెళ్లేవాళ్లు పాత చెప్పులు వేసుకోవడం మంచిది. దిగిపోదామన్నాను. "ఇంత దూరమొచ్చింది దేనికప్పా?" అని మామ ఒంటి చెప్పుతోనే గడ్డి మీద ఎక్కాడు.

పైనుంచి చూస్తే ఇంకా ఎక్కువ నీళ్లు. అత్త శానాసేపు చూసి, "ఈ నీళ్లకు ఆ పక్కనేనా నువ్వుండింది?" అని మామనడిగింది.

కువైట్ మా వీపు వెనకాల, ప్రొద్దుటూరుకూ అవతల ఉంది. ఆ సంగతి చెప్పబోతే మామ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆ, ఆ పక్కనే" అన్నాడు.

"శానా దూరముండావే" అంది అత్త.

మధ్యాహ్నం రైలెక్కాం. సాయంత్రానికి మామ నిద్రపోయాడు. అత్త ఈసారి దిక్కు నన్నడగలేదు. ఎర్రబడిన కిటికీ వైపు తిరిగి నమాజు చదువుకుంది. నేనిక ఉండబట్టలేక, "అత్తా, కువైట్ ఆ సముద్రం పక్క కాదు" అన్నాను.

"తెల్దా నాకు?" అంటూ మామ కాళ్ల మీద దుప్పటి సర్దింది. "ఆయప్పకు చూపియ్యాలని ఉండె, చూసినా. ఇరవై ఏండ్లు దినామూ ఐదుపూటలా ఆయప్పుండే పక్కకే గదా మొగం పెట్టింది."